బుడంకాయ

పోటీ నియమాలు అయిదే లైన్లు.
నలుగురు కూర్చోవాలి.
పొడవు మూడు మీటర్లు దాటకూడదు.
వానలో నడవాలి.
రెండు లక్షలకు ఒక్క రూపాయి ఎక్కువ కాకూడదు.
కారు నిజంగా ఉండనక్కర్లేదు.

ఆ చివరి లైను నచ్చింది నాకు.
బాలానగర్ షెడ్డులో పగలంతా
నిజంగా ఉండబోయేవాటికే గీతలు గీస్తాను:
పంపు మూతలు, ఫ్యాను రెక్కలు,
ఎవరి లిఫ్టుకో బిగించే బ్రాకెట్లు.
ఒక్క మిల్లీమీటరు తప్పితే
రేకు ఖరీదు నా జీతంలోంచి.
రాత్రి పదకొండు దాటాక, బోరబండ గదిలో,
లేనిదానికి మొదటి గీత గీశాను.
చెయ్యి ఎంత తేలిగ్గా పోయిందో.

ముందు గల్లీని కొలిచాను.
టేపు ఒక కొస ఖుర్షీద్ భాయ్ పట్టుకున్నాడు,
రెండో కొస నేను.
మోరీ పలక నుంచి ఎదురింటి మెట్టు దాకా
ఏడడుగుల రెండంగుళాలు.
"కార్పొరేషనోళ్లా?" అని కిటికీలోంచి ఎవరో భయంగా అడిగారు.
"కాదమ్మా, కారొస్తాంది" అన్నాడు భాయ్,
ఇరవయ్యేళ్లుగా ఆటో నడిపే మనిషి,
నవ్వకుండా.

తర్వాత ఈశ్వరమ్మ పిన్నిని
స్టూలు మీద కూర్చోబెట్టి లేవమన్నాను.
కింద చెక్క పెట్టి మళ్లీ కూర్చోమన్నాను.
వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పోయొచ్చే ఒళ్లు,
ఎంత ఎత్తు సీటైతే మూలగకుండా లేస్తుందో చూడాలి.
ఇరవై రెండు అంగుళాలు.
నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ అంకె లేదు.
"నీ కారు పాడుగాను, మోకాళ్లు అరగదీస్తివి గదనే" అంది.
కాసేపాగి,
"ఏం రంగు?" అంది.

డిక్కీ: ఒక గ్యాసు బండ, పక్కన బియ్యం బస్తా.
నేల నుంచి ఎత్తు: పోయిన ఆగస్టులో
వాన నీళ్లు మా గోడ మీద గీసిపోయిన మరక.
మలుపు: భాయ్ ఆటో ఒక్క దెబ్బకు తిరిగే మూల దగ్గర
ఇదీ తిరగాలి,
లేకపోతే ఆయనకి మొహం చూపించలేను.

పేరు బుడంకాయ.
చేనుగట్టు మీద ఎవరూ విత్తకుండానే కాసేది,
పిల్లల గుప్పిట్లో పట్టేది.

ధర దగ్గరే చిక్కొచ్చింది.
రెండు లక్షల పద్నాలుగు వేలు.
ఒక వైపరు తీసేశాను. ఒక అద్దం.
నాలుగు తలుపులు మూడయ్యాయి.
పాటల పెట్టె పోయింది, స్టెప్నీ పోయింది.
రంగు మానేసి రేకుని రేకులాగే వదిలేశాను
(పిన్నికి చెప్పలేదు).
ఒక్కొక్కటీ ఊడదీస్తుంటే
బడి మొదటిరోజు గుండు చేయించిన పిల్లలా
తెర మీద నన్నే చూస్తూ నిలబడింది.
అయినా ఇంకా ఎనభై రూపాయలు ఎక్కువ.

వెనక తలుపు పైన చేతిపిడి ఒకటుంది.
ఖరీదు ఎనభై అయిదు.
నొక్కితే చాలు, పోతుంది.
వేలు మీట మీదే ఉంది.
సూదిపోట్లకు కమిలిపోయిన చెయ్యి
దిగేటప్పుడు మరి దేన్ని పట్టుకుంటుంది?

పన్నెండుకు రెండు నిమిషాలుండగా
ధర గడిలో
రెండు లక్షల ఎనభై రూపాయలని రాసి పంపేశాను.

పరిశీలనకు తీసుకోలేదని ఒక వాక్యం వచ్చింది.
గెలిచిన కారుకి తలుపులే లేవు.
అందంగా ఉంది, అబద్ధమెందుకు,
చాలాసేపు చూశాను.

మంగళవారం పొద్దున నిమ్స్‌కి పోతున్నాం.
ఎర్రగడ్డ సిగ్నలు.
సైకిలు ట్యూబు చుట్టిన ఆటో రాడ్డు పట్టుకుని పిన్ని,
పక్కన నేను.
ముందు బస్సుకీ లారీకీ నడుమ
కొంచెం ఖాళీ.
ఎందుకో ఎవరూ దూరలేదు అందులోకి,
ఒక బైకు కూడా.
నేను చూస్తున్నది భాయ్ అద్దంలో చూశాడు.
"పడుతదా?"
"పడుతుంది," అన్నాను,
"అటూ ఇటూ బెత్తెడు మిగుల్తుంది."

గ్రీన్ పడింది.
వెనకనుంచి హారన్లు మొదలైనా
భాయ్ ఇంకో క్షణం
ఆటోని కదిలించలేదు.