మూడో గుండీ

సోమవారం మ్యూజియానికి సెలవు.
నాకు కాదు.
బకెట్టు, మెత్తటి కుంచె, మెడలో తాళాల గుత్తి.
మార్చి ఒకటో తారీకు ఊరేగింపు గాజుపెట్టె మీద
నిన్నటి పిల్లల వేలిముద్రలు ముందు తుడుస్తాను,
చాక్లెట్టు జిగురుతో సహా.
లోపల చెక్క అచ్చుతో కొట్టిన జెండాలు.
సిరా ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ.
అర్ధరాత్రి, తలుపు మీద ఒక చెవి వేసి
అచ్చొత్తితే అంతే మరి.

తర్వాత నాలుగో గది. జైలు.
మైనపు ఖైదీ మోకాళ్ళ మీద,
ఎదురుగా మైనపు పోలీసు, బూట్లతో.
దుమ్ముకి పక్షం లేదు,
ఇద్దరి కనురెప్పల మీదా ఒకేలా వాలుతుంది.
పదకొండేళ్ళుగా తుడుస్తున్నదాన్ని కాబట్టి చెప్తున్నా,
ఇద్దరిదీ ఒకటే అచ్చు.
ఆ చెంప ఎముక, గడ్డం మీద ఆ నొక్కు.
ఒకడికి మీసం అతికించారు,
ఒకడికి నెత్తురు పూశారు.

"ఈ పోలీసు జపానువాడా?" అని బడిపిల్లొకడు అడిగితే
గైడు హ్వాంగ్‌బో గొంతు తగ్గించింది.
"కాదు బాబూ. మనవాడే."

మనవాడే.
మా అమ్మ తండ్రి పేరు ఇంట్లో ఎవరూ పలకలేదు.
పెళ్ళి ఫోటోలో ఆయన నిలబడ్డచోట
కత్తెర తెరిచిన కిటికీ ఉంది,
అందులోంచి వెనకాల అట్ట కనిపిస్తుంది.
ఇక్కడ ప్రతి కళ్ళజోడు కిందా, ప్రతి చిరిగిన చొక్కా కిందా
మనవడు ఇచ్చినది, మునిమనవరాలు ఇచ్చినది
అని చీటీ ఉంటుంది.
మేమేం ఇస్తాం?

అమ్మ పోయాక కుట్టుసామాను డబ్బాలో దొరికింది
ఇత్తడి గుండీ ఒకటి, కిలుం పట్టి.
ఎందుకు దాచావని అడగడానికి మనిషి లేదు.

పోయిన నెల పోలీసు కోటుకి మూడో గుండీ ఊడింది.
సూపర్వైజరు ప్లాస్టిక్కుది పంపుతానన్నాడు.
"నీకెందుకు మల్‌సున్, ఎవరు చూస్తారు?" అని కూడా అన్నాడు.

ఇవాళ తాడు దాటి వెళ్ళి
ఖైదీ పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాను.
గుండీ తోమలేదు.
నల్లదారం రెండు పేటలు, నాలుగు కుట్లు,
ముడివేసి పంటితో కొరికాను.
కొరికేటప్పుడు నా నుదురు
ఆ చల్లటి పొట్టకి ఆనింది.

రేపు పిల్లలొస్తారు, తాడు మీదికి వంగి చూస్తారు.
దానికి చీటీ లేదు.

ఈ గది దీపానికి స్విచ్చి ఉండదు,
మనిషి కదిలితే వెలుగుతుంది.
కదలకుండా కూర్చున్నాను.
కాసేపటికి అదే ఆరిపోయింది.