ఆఖరి ట్రామ్ వెళ్ళాక

నాటింగ్‌హామ్‌లో ఆఖరి ట్రామ్
బీస్టన్ వైపు మలుపు తిరిగి సద్దుమణిగాకే
మా పని మొదలు.
దాని చక్రాల వణుకు చాలు,
మేం గీసే గీత పక్కింటికి జరిగిపోవడానికి.

పసుపు దీపాల గది.
తల నుంచి పాదం దాకా తెల్ల తొడుగులు.
మేవిస్ హార్డ్‌స్టాఫ్, అరవై రెండేళ్ళ టెక్నీషియన్,
వచ్చే నెల రిటైరు,
నా కళ్ళు మాత్రమే చూసి
"టీ తాగలేదు కదూ" అంటుంది.

సూది మోపే సందు లేదంటాం మనం.
ఈ బల్ల మీద సూదిమొన ఒక బయలు.
అందులో వీధులు వేయొచ్చు, ఊళ్ళు కట్టొచ్చు,
ఇంకా పశువుల మేతకు చోటు మిగులుతుంది.

మూడు వారాలు
టేపుతో అంటించి, ఊడదీసి, మళ్ళీ అంటించి
పెన్సిల్ ముల్లు లాంటి రాతిలోంచి ఒలిచిన పొర ఇది.
ఒక్క అణువు మందం.
మందం అనే మాటకే సిగ్గేసేంత.
సిలికాన్ పలక మీద లేత వంగపండు మరక;
ఊపిరి బిగబట్టి చూస్తేనే ఉంటుంది.

దాని మీద పూత. పూత మీద ఎలక్ట్రాన్ల గంటం.
రాస్తున్నంతసేపూ ఏమీ కనపడదు.
తాటాకు గీతకు మసి పూసినట్టు
కడిగితేగానీ తెలియదు
రాసిందేమిటో, పోగొట్టుకున్నదేమిటో.

రాసేదల్లా చిల్లులే.
నలభై వేలు.

"మా అమ్మా ఇదే చేసేది" అంది మేవిస్,
తెర మీద అంకెలు ఎక్కుతుండగా.
లాంగ్ ఈటన్‌లో లేసు మిల్లు.
దారానిదేముంది, డబ్బులిచ్చేది చిల్లులకే, అనేదట.
మగ్గాల హోరు ముప్పై ఏళ్ళకే ఆమె చెవులు తినేసింది.
ఇంట్లో అందరూ పెదాలతోనే మాట్లాడుకున్నారు.
"ఈ మాస్కుల మధ్య అయితే
అమ్మ నిజంగానే చెవిటిదయ్యేది."

నేను చెప్పలేదు.
చెప్పాను నిజానికి, చాలా ఆలస్యంగా,
ఈ చిల్లుల పొర ఒక మైకు కాబోతోందని,
నువ్వుగింజలో సగం, చెవి లోపల కూర్చునేదని.
ఆమె ఏమీ అనలేదు.
పంపు మీటరు చూసింది.

నాలుగింటికి కడిగి, ప్లాస్మాలో పెట్టి తీశాం.
పదిహేడో వరసలో
ఒక చిల్లు పక్క చిల్లులో కలిసిపోయింది.
నా నోట్లోంచి వచ్చిన మాట
ఇక్కడ రాయను.

మేవిస్ గ్లవుజు వేలు తెరకు ఆనించి
ఆ వరసంతా మెల్లగా తడిమింది,
తప్పు దొరికేది కంటికి కాదు, వేలికే అన్నట్టు.
"పారెయ్యకు. రేపు కింద తొలిచి
మోగించి చూడు."

అప్పుడే మొదటి ట్రామ్.
తెర మీద బొమ్మ ఒక్క క్షణం అలుక్కుపోయి
మళ్ళీ నిలబడింది.

అద్దానికి అవతల, తొడుగులు విప్పే గదిలో
మాస్కు తీసి మేవిస్
పెదాలు మాత్రం కదిపింది.
ఏమందో
నాకు చదవడం రాలేదు.