జతపరచినవి

సిరొంచ తహసీలు కచేరీ ఎదుట
రేకు పందిరి కింద నా బల్ల.
నలభై ఒక్క ఏళ్ళుగా
తెలుగులో విని మరాఠీలో రాస్తున్నాను.
గెట్టు తగాదాలు, పోయిన రేషన్ కార్డులు,
ప్రాణహిత ముంచిన మిరప చేలు.
చెట్టు తరఫున ఎవరూ రాలేదు,
తలండి పోచుబాయి వచ్చేదాకా.

ఆసరెల్లి వైపు నుంచి మొదటి బస్సుకి దిగింది.
కొంగుముడి విప్పి బల్ల మీద పోసింది.
గుండ్రటి కాయలు, చుట్టూ పలచటి రెక్క,
రూపాయి బిళ్ళకి ఎవరో ఇస్త్రీ చేసినట్టు.
"గిది పెద్దేగి. మా గెట్టు మీదున్నది.
సుట్టుపక్కల ఇంకేడ లేదు.
రంగుతోని నంబరేసి పోయిండ్రు,
కొడ్తరట. రాయి."

రాయడానికి పేరు కావాలి.
గుత్తేదారు కాగితంలో అది 'ఇతర జాతులు, పదిహేడు'.
ఆ పదిహేడులో ఇది ఎన్నోది?
సర్కారు కాపాడే చెట్ల పట్టీ నా సొరుగులో ఉంది,
జిరాక్సుకి జిరాక్సు, సగం అక్షరాలు చెదలు తిన్నట్టు.
అందులో బీజా ఉంది.
పెద్దేగి లేదు.

ఆమెకి బీజా ఎవరో తెలీదు,
చట్టానికి పెద్దేగి ఎవరో తెలీదు.
ఇద్దరూ ఒకే మనిషిని వెతుకుతున్నారేమోనని
మధ్యలో కూర్చున్న నాకు అనుమానం.

"గుర్తులు చెప్పమ్మా."
"బెరడు గీరితే నెత్తురు కారుతది.
గీరినోనికి ఆ రాత్రి నిద్ర పట్టదంటరు.
మా ఇంటాయన గీరిండు, మంచిగనే పండిండు."
నవ్వలేదు. సంచిలోంచి కర్ర గ్లాసు తీసింది.
"దీంట్ల నీళ్ళు పొయ్యి."

నా కూజాలోవి పోశాను.
గంటసేపు బస్సు చార్జీల గురించి మాట్లాడుకున్నాం,
ఇప్పపూల ధర గురించి,
బోదకాలు తగ్గించే ఒక డాక్టరు గురించి.
అప్పుడు చూడమంది.
లోపల పలచటి టీ రంగు.
ఎండలోకి వంచితే అంచు వెంట నీలం,
కొత్త స్టాంపు ప్యాడు మూత తీసినప్పటి నీలం.

ఇంత మంచి సాక్షి నా బల్ల దగ్గరికి ఎప్పుడూ రాలేదు.

"ఈ గ్లాసు ఎక్కడిది?"
"మా అయ్య చెక్కిండు.
దాని జోడు చెట్టును కొట్టి. రెండుండె."

నా కలం ఆగింది.
"అది రాస్తే ముందు నిన్నే అడుగుతారు."
ఆమె కాయలు ఒక్కొక్కటే ఏరి వరుసలో పెడుతోంది.
"రాయి.
రెండుండె అని రాయకుంటే
ఒక్కటే మిగిలిందని ఆల్లకెట్ల ఎరుక?"

పేరు గడిలో బీజా అని మరాఠీలో రాశాను.
పక్కన తెలుగులో పెద్దేగి అని రాశాను.
నా నలభై ఒక్క ఏళ్ళలో
ఒకే గడిలో రెండు లిపులు ఇదే మొదలు.
జతపరచినవి: కాయలు మూడు,
కర్ర గ్లాసు ఒకటి, చూపించి వాపసు తీసుకోబడును.
కింద ఆమె బొటనవేలు.

లోపల గుమాస్తా కాయలకి పిన్ను కొట్టబోయాడు,
ఒకటి విరిగింది.
ఇవి ఫైల్లో పట్టవు అన్నాడు.
అయినా పట్టించాడు, ఎందుకో.

గ్లాసు నీళ్ళు పారబోయబోతుంటే ఆమె ఆపింది.
"సక్కెర బీమారి ఉన్నది నీకు. తాగు."
నేను చెప్పలేదు. నా చేతులు చూసి కనిపెట్టిందో,
పొద్దున్నుంచి నేను తాగని టీలు లెక్కపెట్టిందో.
తాగాను. నాలుక వెనక చాలాసేపు ఉండే వగరు.

కాగితం మీద వాళ్ళు వేసిన ఆవక నంబరు
వెయ్యిన్నీ నూట ఎనభై ఆరు.
చెట్టు మీద గుత్తేదారు వేసింది పద్నాలుగు.
ఏ నంబరు ముందు పిలుస్తారో నాకు తెలీదు.
మూడున్నర బస్సుకి సీటు దొరికిందామెకి,
కిటికీ పక్కన, గ్లాసు ఒళ్ళో పెట్టుకుని.