తొక్కుడు మిషను

డకార్‌లో మెదీనా పేట, ఎండుచేపల కొట్టు పక్క సందులో
ముప్పై ఒక్క ఏళ్ళుగా ఊరందరి నడుములూ కొలుస్తున్నాను.
పెళ్ళికొడుకుల ఛాతీలు, కుస్తీవాళ్ళ భుజాలు,
బారసాల బుబూలకి బాలింతల చుట్టుకొలతలు.
టేపు మాత్రం నా మెడలోనే వేలాడింది,
నా నడుముదాకా ఎన్నడూ దిగలేదు.

తొక్కుడు మిషను ఉన్నన్నాళ్ళూ
కాళ్ళు నన్నడక్కుండానే వాటి పని అవి చేసుకునేవి.
తర్వాత మోటారు బిగించాను.
కుట్టు పరిగెత్తింది. నేను ఆగిపోయాను.
కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు,
కూర్చుని కుడితే నా ఒళ్ళో ఒక కొండ మొలిచింది.

మూడో ఏడు షుగరొచ్చింది.
దిబోర్ డాక్టరమ్మ చీటీ మీద రెండు మాత్రలు రాసి,
కాగితం వెనక్కి తిప్పి ఇంకో మందు రాసింది:
"రోజూ అరగంట నడక. సముద్రం దగ్గర. ఫీజు లేదు."

మొదటి సాయంత్రం చూడాలి నా అవస్థ!
కార్నిష్ కింద ఇసుకలో కుర్రాళ్ళు
నడుముకి తాడు కట్టుకుని లారీ టైర్లు లాగుతున్నారు.
నేను నన్ను లాగుతున్నాను.
టైరే నయం, సణగదు.
అరవై అడుగులేసి
చెప్పు సరిచేసుకునే నెపంతో కూలబడ్డాను.
దెంబా అని ఒకడు, పోయిన ఏడు వాడి లాగు కుట్టింది నేనే,
"యోరో తాతా, మోకాళ్ళు పైకి!" అని అరిచాడు.
తాతట! నాకింకా యాభై ఆరే.
ఆ కోపంతోనే ఇంకో నలభై అడుగులు నడిచాను.

వానలొచ్చాయి. పండగ కుట్లు నెత్తిన పడ్డాయి.
వారం మానేస్తే ఇసుక మళ్ళీ మొదటికొచ్చేది,
నన్నెరగనట్టు పాదాల కింద జారిపోయేది.
మళ్ళీ దిగేవాణ్ణి.
పెదవుల మీద సముద్రపు ఉప్పేదో నా చెమటేదో
కొన్నాళ్ళకి తెలియడం మానేసింది.
రాత్రి నిద్ర మాత్రం
వేడి ఇస్త్రీపెట్టె పోయినట్టు
ముడతలేవీ మిగల్చకుండా పోతుంది.

నిన్న కొలుచుకున్నాను. తగ్గింది మూడు వేళ్ళు.
డాక్టరమ్మ ఒక మాత్ర కొట్టేసింది, రెండోది ఉంచింది.
ఇంతోటి దానికా ఏడాదంతా, అనుకున్నాను.

ఇవాళ సాఫియెతు గారి బుబూ ఇవ్వడానికెళ్ళాను.
నాలుగో అంతస్తు.
ఎప్పుడూ నేను రెండో మలుపు దగ్గరుండగానే
నా ఆయాసం విని
మంచినీళ్ళ గ్లాసుతో తలుపు తీసి నిలబడేది.

పైకెళ్ళి చూస్తే తలుపు వేసే ఉంది.
బుబూ చంకలో పెట్టుకుని
బెల్లు ఎక్కడుందో
మొదటిసారి వెతుక్కున్నాను.