ఏడో అంశం

ముప్పై ఒక్క ఏళ్లుగా మినిట్స్ రాస్తున్నాను
క్లేబ్యాంక్ జిల్లా స్కూలు బోర్డుకి.
నెబ్రాస్కా మ్యాపులో సరిగ్గా మడత పడేచోట ఉంటుంది మా ఊరు.
నెలకో సోమవారం రాత్రి ఏడింటికి
లైబ్రరీలో, మూడో తరగతి పిల్లల కుర్చీల్లో
మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంటారు ఐదుగురూ:
అధ్యక్షురాలు వెర్డెల్ ఓస్టర్‌హౌస్, విత్తనాల కొట్టు ఆవిడ;
పళ్ల డాక్టరు; ట్రాక్టర్ల మెకానిక్కు మిలో హ్రుస్కా;
పాస్టరు గారి భార్య;
పోటీకి ఎవరూ నిలబడక గెలిచిన రాయ్స్ పెలూఖా.
జీతం లేదు. కాఫీ ఉంటుంది. నేనే పెడతాను.

నేను రాసేది తక్కువ.
ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎన్ని చేతులు లేచాయి.
నిశ్శబ్దానికి మినిట్స్‌లో గడి లేదు.

ఫిబ్రవరి. మంచు కిటికీ గట్టుదాకా పేరుకుంది.
ఆరో అంశం: ఫుట్‌బాల్ మైదానానికి కొత్త దీపాలు.
నలభై నిమిషాలు. స్తంభం ఎత్తెంత, వెలుగు తెలుపా పసుపా,
అవతలి ఊరి వాళ్లకి ఎన్నున్నాయి.
పళ్ల డాక్టరు బల్ల చరిచాడు కూడా.
ఏడో అంశం: మూడో తరగతి చదివే పరీక్షలో
పాసు గీత అరవై నుంచి నలభై ఎనిమిదికి.
నాలుగు నిమిషాలు.

రాష్ట్రం వాళ్లు ప్రశ్నలు కఠినంగా ఇచ్చారన్నారు.
ప్రమాణం మీ చేతిలోదే అంటుంది రాష్ట్రం, ఆ ఉత్తరం నా ఫైల్లో ఉంది.
టీచర్లు ఇళ్లవైపు చూస్తారు, ఇళ్లు టీచర్లవైపు.
తిలాపాపం తలా పిడికెడు.
పిడికిళ్లన్నీ జేబుల్లోనే ఉన్నాయి, చలికాలం కదా.

గీత దించితే ఎనభై రెండు శాతం పాసు,
దించకపోతే యాభై నాలుగు.
పిల్లలు మాత్రం అవే పిల్లలు.
'గుర్రం' అన్న మాట దగ్గర ఆగిపోయి
పక్కనున్న బొమ్మ చూసి 'పోనీ' అనేవాళ్లు.
మేమూ అంతే. ఏళ్లుగా పోనీ అంటున్నాం.

ప్రజల మాటకి మూడు నిమిషాలు.
ఎప్పుడూ ఎవరూ రారు. ఆ రాత్రి లెలాండ్ క్వాస్నికా వచ్చాడు,
మాంసం ఫ్యాక్టరీ రెండో షిఫ్టు ఎగ్గొట్టి,
చంకలో ఒక ఫ్రేము, గోడ దుమ్ము ఇంకా అంటుకునే ఉంది.
నావైపు జరిపి, చదివిపెట్టండి, అన్నాడు.
"నా కూతురు మూడో తరగతి. రాత్రి పుస్తకం తెచ్చి ఒళ్లో కూర్చుంటుంది.
బొమ్మలు చూసి కథ కడతాను.
ఈమధ్య కనిపెట్టేసింది."

చదివాను.
ఈ పాఠశాల విధించిన చదువంతా తృప్తికరంగా పూర్తిచేసినందుకు
లెలాండ్ ఎమెట్ క్వాస్నికాకి, 1998 మే నెలలో.
కింద రెండు సంతకాలు.
ఎడమవైపుది వెర్డెల్ వాళ్ల నాన్నది, పోయి తొమ్మిదేళ్లు.
కుడివైపు పేరు దగ్గర నా గొంతు ఆగింది.
"ఏం, అక్కడ కష్టంగా ఉందా?" అన్నాడు.
వెక్కిరింపు కాదు. నిజంగానే తెలియక అడిగాడు.
ఐ అక్షరం మీద చుక్కకి బదులు చిన్న సున్న చుట్టడం
అప్పట్లో నాకు అలవాటు.

మూడు నిమిషాలైందని టైమరు కూసింది. దాని నోరు ఎవరూ నొక్కలేదు.
చేతులెత్తమంది వెర్డెల్.
మిలో తన అరచేతి గీతల్లో గ్రీజు చూసుకుంటున్నాడు.
వచ్చే నెలకి వాయిదా.
బయట రాయ్స్ బండి కదల్లేదు,
అందరం కలిసి తోశాం, క్వాస్నికా కూడా, ఫ్రేము నాకు పట్టుకోమనిచ్చి.

ఇంటికెళ్లి రాయడానికి కూర్చున్నాను.
నియమం ప్రకారం ఒకటే వాక్యం: ఒక పౌరుడు మాట్లాడారు.
రాశాను. కొట్టేశాను.
నాలుగు పేజీలు పట్టింది,
పోనీ బొమ్మ, బల్ల చరుపు, నా సున్న, అంతా.

మార్చి సోమవారం. కొత్త స్తంభాలు వచ్చి
ఆవరణలో అడ్డంగా పడుకొని ఉన్నాయి.
వెర్డెల్ పేజీలు తిప్పింది. మళ్లీ మొదట్నుంచి తిప్పింది.
పోయిన నెల మినిట్స్‌లో, అంది,
నా ముఖం చూడకుండా,
సవరణలేమైనా ఉన్నాయా?