మూడు బొడిపెలు

ఎనిమిదించుల నాన్‌రిటర్న్ వాల్వు.
పోయిన నీళ్లను మళ్ల వెనక్కి రానియ్యనిది.
గోదావరిఖనిల ఏదో బాయి అడుగున
ముప్పై ఏండ్లు చీకట్ల నిలబడి
ఇగో, మా రేకుల షెడ్డుకొచ్చింది.

గ్రీజు గీకిన. కిరసనాయిలుతోని కడిగిన.
తుప్పు కిందికెల్లి ఒక్కొక్కటే లేచినయి:
బాణం గుర్తు నీళ్లకు,
నంబరు లెక్కలు రాసేటోనికి,
సగం అరిగిన పేరు అమ్ముకునేటోనికి.
మరి కడుపు చుట్టూ ఈ మూడు బొడిపెలు
ఎవలికి?

రంధ్రం లేదు, మర లేదు.
నెత్తులు మాత్రం నున్నగ చెక్కి ఉన్నయి.

వెల్డర్ జక్రియా అన్నడు, డ్రెయిన్ పెట్టబోయి మరిచిండ్రు.
ఇంజినీరు సారు డ్రాయింగు అటు తిప్పి ఇటు తిప్పి
ఇండ్ల లేవమ్మా, అన్నడు,
లేకుంటే చేతికి తగలయన్నట్టు.
కోసెయ్, రెండు నిమిషాల పని, సాపుగుంటది.
గ్రైండర్ ప్లగ్గు పెట్టిన గూడ.

అప్పుడొచ్చిండు ఓదెలు మామ.
వరంగల్‌ల, ములుగు రోడ్డు మీద
మూతబడ్డ ఫౌండ్రీల ఇసుక తొక్కిన మనిషి.
అద్దాలు పెట్టుకోలే. అరచెయ్యి పెట్టిండు.
"ఆపు. లేతు మీదికెక్కియ్యి."

ఇద్దరం కలిసి లేపినం.
చక్కు మూడు దవడలు
మూడు బొడిపెల మీద కూసున్నయి.
టక్.
పొద్దుగాల పోయిన మనిషి
మాపటికి తన పీట మీద కూసున్నట్టు.

"ఇవి నీళ్లకు గాదు బిడ్డా.
అచ్చుల నుంచి బయటికొచ్చిన పోత
యాడ గూడ గుండ్రంగుండదు.
మొదటి కోత పెట్టాల్నంటే ఎక్కడ పడతవ్?
పట్టుకునే జాగ ముందుగాల్నే మొలిపిస్తరు.
పనైనంక ఎవలూ కొయ్యరు."

మనిషికి బొడ్డు లెక్కనా, అన్న.
మామ నవ్వలే. చాయ్ చెప్పు, అన్నడు.

దగ్గరికి వంగి చూస్తే
బొడిపెల మీద పాత దవడల పండ్ల గాట్లు,
పక్కనే ఇప్పుడు నావి.

సీటు తీసిన. వాచరు మార్చిన.
నీళ్లు పోసి ప్రెషర్ ఎక్కిస్తే
ఒక్క చుక్క కారలే.

ఒక్కటి మిగిలిపోయింది.
ఫ్లాంజి కింద, ఎవలికీ కనపడని తావుల
చిన్న గుంట, నున్నగ.
ఇదేంది మామా?
ఓదెలు మామ శానాసేపు తడిమిండు.
"తెల్వది," అన్నడు.

మైనం పెట్టి పూడ్చలే దాన్ని.
ఎర్ర రంగు కొట్టేముందు
నా బొటనవేలు పెట్టి చూసిన.
నాది కొంచెం చిన్నగయ్యింది.