మధ్యలోంచి

మూడు రోజుల వాన నిన్న రాత్రి ఆగింది.
కొండ ఇంకా ఆగలేదు.
ఫెర్న్ మొక్కల కింద నుంచి, పలకరాతి చీలికల్లోంచి
సన్నటి గొంతుతో ఏదో గొణుక్కుంటూ
దిగుతూనే ఉంది.

కారు వెనక నుంచి సైకిల్ దించుతుంటే
ఇద్వల్ కనపడ్డాడు, గేటు మీద మోచేతులు ఆన్చి.
డెబ్బై రెండేళ్లు. ఉత్తర వేల్స్‌లో ఆఖరి పలక గని మూతబడ్డాక
చేతులు ఊరుకోక ఈ దారి తవ్వినవాడు,
ఒక్కో మలుపుకి ఒక్కో చలికాలం.
పలకరింపు లేదు. వంగి గుప్పెడు మట్టి తీశాడు,
ఉండ చుట్టాడు, నా అరచేతిలో పెట్టాడు.
బొటనవేలితో నొక్కితే
వేలిముద్ర పడింది గానీ ఉండ విడలేదు.
"పొడిపొడిగా రాలితే ఎక్కు.
ఇలా నిలిస్తే ఇంటికెళ్ళు."
అంతే. మళ్ళీ గేటు మీద మోచేతులు.

నేను రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాను.
కొత్త టైర్లు. ఫ్లాస్కులో ఇంకా పొగలు కక్కే టీ.
ఇలాంటప్పుడే మనిషికి లెక్కలు బాగా వస్తాయి:
ఒక్కడినే కదా, ఒక్కసారే కదా,
నా బరువెంత, కొండ బరువెంత!
ఉండని కారులో కప్పు పెట్టే గుంటలో పడేశాను.
ఆయన కుక్కని వెతుక్కుంటూ అటు వెళ్ళగానే
నేను ఇటు ఎక్కాను.

రాతి మీద ఉన్నంతసేపూ ఏ గొడవా లేదు.
పైన్ చెట్ల నీడలోకి రాగానే
దారికి అడ్డంగా టీ రంగు నీటిమడుగు.
అడుసు తొక్కనేల, కాలు కడగనేల,
చిన్నప్పటి నుంచీ చెవిలో ఉన్న మాట.
బుద్ధిగా పక్కనుంచి వెళ్ళాను, నాచు మీదుగా.
నా ముందు ఇంకో బుద్ధిమంతుడు వెళ్ళాడు,
వాడి ముందు ఇంకొకడు,
అందరం మర్యాదస్తులమే.
మూరెడు దారి మంచమంత అయింది.

తర్వాతి మలుపులో బ్రేకు గట్టిగా నొక్కాను.
వెనక చక్రం జారి
నేల మీద పొడుగ్గా ఒక గీత గీసింది,
మూడు వేళ్ల లోతు.
ఆగి చూశాను. నేను చూస్తుండగానే
నీళ్ళు దాన్ని కనిపెట్టాయి.
ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నట్టు
ఒకటి వెనక ఒకటి అందులోకి దిగాయి.
పలక మీద రాసింది చేత్తో తుడిచేస్తాం.
ఇక్కడ నేను ఒక్కసారి రాసిన అక్షరాన్ని
వాన రోజూ దిద్దుకుంటుంది,
కాలవ అయ్యేదాకా.

దిగి, సైకిల్ తోసుకుంటూ వెనక్కి నడిచాను.
మడుగు దగ్గర నెరిస్, ఊళ్ళో ఉత్తరాలు పంచే అమ్మాయి,
మోకాళ్ళ దాకా బురదలో నిలబడి
నీళ్ళు పోయే తూము గుంటని గడ్డపారతో కెలుకుతోంది.
నా టైర్లు చూసింది. మొహం చూసింది.
తిడుతుందనుకున్నాను.
"అంచుల మీద కాదు," అంది,
"మధ్యలోంచి."

మధ్యలోంచే నడిచాను.
చీలమండ దాకా చన్నీళ్ళు, మేజోడులోకి ఇసక,
ఒక బూటు లోపలే ఉండిపోతానని కాసేపు మొరాయించింది.
పక్కన నాచు మాత్రం
నన్ను ఎరగనట్టే పచ్చగా కూర్చుంది.

కింద వాగులో సైకిల్ కడగబోతే
ఇద్వల్ దూరం నుంచే చెయ్యి ఊపాడు, వద్దని.
బకెట్టు చూపించాడు. నాలుగు బకెట్లు పట్టింది.
తర్వాత నా చేతికి పార ఇచ్చాడు,
ఏ మలుపు అని అడగలేదు.
నేనే చెప్పాను.

ఆ మట్టి ఉండ ఇంకా కారులోనే ఉంది.
గురువారం చూస్తే పొడిపొడిగా విడిపోయి ఉంది.
ఎగిరి గంతేయబోయాను.
హీటర్ చేసిన పని అది, కొండ చేసింది కాదు.
ఫోన్ చేశాను.
"ఇంకా కారుతోంది," అన్నాడు ఇద్వల్.
సైకిల్ ఇంట్లోనే వదిలేసి బయల్దేరాను.